పన్ను దిగని పట్టు

ఏలూరు,
1935 డిసెంబరు 9.

ప్రియమైన పెద్దమ్మకు సుగుణ వందనాలు.

ఇక్కడ నేను క్షేమం. హాస్టల్లో అన్నం సరిపోతోంది, కాబట్టి పెదనాన్నగారితో బాతుగుడ్లు పంపించవద్దు. పోయినసారి పంపినవి దారిలోనే పగిలి, నా తెలుగు వాచకం ఇప్పటికీ వాసన వేస్తోంది.

ఒక పని మీద రాస్తున్నాను. మా ట్రైనింగు స్కూల్లో ప్రతి ఒక్కరూ ప్రకృతి పాఠానికి ఒక పరిశీలన పుస్తకం రాయాలి. జంతువునో మొక్కనో రెండు నెలలపాటు చూసి, చూసింది చూసినట్టు రాయాలి. మిగతావాళ్ళు చిక్కుడుగింజ, చీమలపుట్ట తీసుకున్నారు. నేను కుక్క అన్నాను. “హాస్టల్లో నీకు కుక్క ఎక్కడిదమ్మా?” అని యేసమ్మగారు నవ్వారు. మాకు పాఠం చెప్పడం నేర్పే మిస్ట్రెస్ ఆవిడే. “మా పెద్దమ్మ కళ్ళతో చూస్తానండీ” అన్నాను. ఒప్పుకున్నారు.

మన కుక్క మచ్చ ఈనిందని పెదనాన్నగారు చెప్పారు. నెల దాటింది కాబట్టి పిల్లలు ఆడుకుంటూ ఉంటాయి. ఆటలో అల్లరి మితిమీరితే పెద్ద కుక్క వాటిని ఎలా దారిలో పెడుతుందో నాకు కావాలి. ఏ చిన్న సంగతీ వదలకుండా రాయి.

ఇది పుస్తకం కోసమే కాదు. జనవరిలో నాకు క్రిటిసిజం లెసన్ ఉంది. మోడల్ స్కూల్లో చిన్నపిల్లలకు నేను పాఠం చెబుతుంటే, తోటి విద్యార్థినులు ఇరవై మందీ గోడవారగా కూర్చుని నా తప్పులు రాసుకుంటారు. అయ్యాక ఒక్కొక్కరే లేచి చదువుతారు. నాకు ఇచ్చిన రెండో తరగతిలో మంగతాయారు అని ఏడేళ్ళ పిల్ల ఉంది. తమ్మిలేరు వంతెన దగ్గర పూలమ్మే పాపాయమ్మగారి మనవరాలు. దాని నోరు ఆగదు. నిన్న లెక్కలు చెబుతుంటే లేచి, “పంతులమ్మగారండీ, పడుకున్నప్పుడు కూడా మీ కొప్పు ఇలాగే ఉంటదాండీ?” అంది. నవ్వు ఆపుకోలేక బోర్డు వైపు తిరిగిపోయాను.

ఈ మధ్య నాకు మాటల పిచ్చి పట్టింది పెద్దమ్మా. నిఘంటువులో రోజుకు ఐదు మాటలు చూసి నోటుబుక్కులో ఎక్కించుకుంటున్నాను. నిన్న ‘అదుపు’ అనే మాట రాసుకున్నాను. రోజూ అనుకునే మాటే. కాగితం మీద పెట్టి చూస్తే ఎంత పొందికగా ఉందో!

నీ సుగుణ.

—

కొల్లేటి లంక,
డిసెంబరు 18.

సుగుణమ్మకు కృపమ్మ పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరం మీ పెదనాన్నకి చదివి వినిపించాను. “కుక్క సంగతి రాస్తే పంతులమ్మ ఉద్యోగం ఇస్తారా? అయితే బాతుల సంగతి రాసి నేను హెడ్మాస్టరునైపోనా?” అన్నారు. గుడ్లు మాత్రం పంపుతారట. వాచకం దూరంగా పెట్టుకో.

పిల్లలు నాలుగు. మూడు మంచివి. నాలుగోదానికి కాళ్ళు నాలుగూ మేజోళ్ళు తొడిగినట్టు తెల్లగా ఉంటాయి. మీ పెదనాన్న దొర అని పేరు పెట్టారు. పేరుకు తగ్గట్టే ఎవరి మాటా వినదు. దాని పళ్ళు తుమ్మముళ్ళనుకో. మన ఇంట్లో కుక్క నోరు మెత్తగా ఉండాలని నీకు తెలుసు కదా. తప్పిపోయిన బాతుపిల్లను నోట కరుచుకు రావాలి, దానికి గీత పడకూడదు. పట్టు తెలియని కుక్కను మనం ఉంచుకోం.

నిన్న పొద్దున్న చూసింది రాస్తున్నాను. దొర తల్లి చెవి పట్టుకుని వేలాడింది. మచ్చ మొహం పక్కకి తిప్పుకుంది. వదల్లేదు. మచ్చ కదలకుండా బిగుసుకుపోయింది. వదల్లేదు. పెదవి పైకెత్తి పళ్ళు చూపించింది. ఊహూ. గుర్రుమంది. అప్పటికీ వదల్లేదు. ఇక ఒక్క ఊపున దాని మూతి మొత్తం తన నోట్లో పట్టేసి నేలకి అదిమింది. దొర ప్రాణం పోయినట్టు అరిచింది. ఆపైన చప్పుడు లేదు. చూస్తున్న మిగతా మూడూ ఎక్కడివి అక్కడ ఆగిపోయాయి.

తరవాత ఏమైందంటే, ఇదుగో ఆకివీడు వెళ్ళే దోనెవాడు కేకలేస్తున్నాడు. ఉత్తరం ఇప్పుడివ్వకపోతే మళ్ళీ మంగళవారమే. కోతలవగానే బాతుల్ని తోలుకుని పెంటపాడు చేలకి వెళ్తాం, రాలిన గింజల మేతకి. మిగతాది అక్కడ కుదురుకున్నాక రాస్తాను.

కృపమ్మ.

—

ఏలూరు,
1936 జనవరి 12.

పెద్దమ్మకు వందనాలు.

ఉత్తరం అందింది. మిగతాది రాస్తానన్నావు, ఇంకా రాలేదు. ఉన్నంతవరకు పరిశీలన పుస్తకంలో ఎక్కించాను. చివర సొంతంగా ఒక వాక్యం చేర్చాను: ‘తల్లి పట్టులో పిల్ల మౌనం నేర్చుకొన్నది.’ యేసమ్మగారు దాన్ని క్లాసులో రెండుసార్లు చదివారు. ఆ వాక్యం నాకు ఎంతో నచ్చింది. స్నానానికి వెళ్తూ కూడా లోపల అనుకునేదాన్ని.

ఎనిమిదో తారీఖున క్రిటిసిజం లెసన్ అయిపోయింది. పదికి ఎనిమిది వచ్చాయి. ‘తరగతి అదుపు మెచ్చదగినది’ అని రాశారు.

ఇప్పుడు నేను గుమ్మంలో అడుగుపెడితే పిల్లలందరూ ఒక్కసారి లేచి నిలబడతారు. కూర్చోమంటే కూర్చుంటారు. పలక మీద బలపం నడిచే చప్పుడు వినిపిస్తుంది. ఎవరూ ఏమీ అడగరు.

ఒక్క సంగతి అడగాలి. మూతి పట్టి అదిమాక పిల్ల ఎంతసేపు అలా మౌనంగా ఉంటుంది? ఒక పూటా, ఒక రోజా? వారమైనా ఉంటుందా? పుస్తకంలో రాయాలి.

బాతుగుడ్లు అందాయి. తోటివాళ్ళకు ఇచ్చేశాను. ఈ వారం మాటలు ఏవీ రాసుకోలేదు.

సుగుణ.

—

పెంటపాడు చేలు,
జనవరి 19.

సుగుణమ్మకు పెద్దమ్మ దీవెనలు.

పాక వేసుకునేసరికి వారం పట్టింది. కాలవ గట్టున ఉన్నాం. మన మూడొందల బాతులూ, మనతో వచ్చిన ప్రభుదాసు బాతులూ కలిసి చేలన్నీ దున్నేస్తున్నాయి. మీ పెదనాన్న తాడేపల్లిగూడెం సంతకి వెళ్తున్నారు, ఉత్తరం ఆయన చేతికిస్తాను. ఈసారి దోనె తొందర లేదు, అంతా రాస్తాను.

వారమేంటే పిచ్చిదానా! నేను పది అంకెలు లెక్కపెట్టేలోపే వదిలేసింది. దొర అరిచిన అరుపుకి మూతి తెగిపోయిందనుకుని పరుగెత్తాను. ఒళ్ళో వేసుకుని వేలితో మూతంతా తడిమి చూశాను. ఒక్క గాటు లేదు. పన్ను ఆనింది గానీ దిగలేదు. అంత పెద్ద నోరు, అంత చిన్న మూతి, ఎక్కడ ఆపాలో ఆ కుక్కకి తెలుసు. అరుపంతా దొర బడాయి.

అసలు సంగతి ఆ తరవాతది. దొర వెళ్ళి తల్లి నోటి చివర నాకింది. మచ్చ ఒళ్ళు దులుపుకుంది. ముందుకాళ్ళు నేలకి పరిచి, వెనకభాగం పైకెత్తి, తోక ఊపింది, రా ఆడుకుందాం అన్నట్టు. అంతే, మళ్ళీ నలుగురూ దాని మీద పడ్డారు. దొర మళ్ళీ చెవే పట్టుకుంది, కానీ ఈసారి మెత్తగా. ఇది రోజుకి నాలుగైదుసార్లు చూస్తున్నాను. మొహం తిప్పడం, బిగుసుకోవడం, పళ్ళు చూపడం, గుర్రుమనడం, అన్నీ అయ్యాకే మూతి పట్టడం. పట్టిన ప్రతిసారీ మళ్ళీ ఆటకి పిలవడం. పిలవకుండా ఊరుకున్నది ఒక్కసారి కూడా లేదు.

కాబట్టి నీ వాక్యం అందంగా ఉంది గానీ, అలా జరగలేదమ్మా. పిల్ల మౌనం నేర్చుకోలేదు. కాస్త ఆగింది, అంతే.

ఇక నా మాట. నీ ఉత్తరం చల్లారిన గంజిలా ఉంది. పదికి ఎనిమిది వచ్చిన పిల్ల రాసే ఉత్తరమేనా అది? ఏం జరిగింది?

కృపమ్మ.

—

ఏలూరు,
జనవరి 25.

పెద్దమ్మకు,

చూసింది చూసినట్టు రాస్తాను.

ఎనిమిదో తారీఖు పదకొండు గంటలకు పాఠం. గోడవారగా ఇరవై మంది, కుర్చీలో యేసమ్మగారు. పాఠం వాన గురించి. రెండు రోజులు కూర్చుని మేఘాల పటం గీశాను. మంగతాయారు ముందు వరసలో ఉంది. వాన చుక్క అనగానే పటం దగ్గరకు వచ్చి, “ఇది మేఘం కాదండీ, దున్నపోతండీ” అంది. పిల్లలు నవ్వారు. గోడవారగా ఉన్నవాళ్ళూ నవ్వారు. కాగితాల మీద పెన్సిళ్ళు కదిలాయి. కూర్చో అన్నాను. కూర్చుని మళ్ళీ లేచింది. దున్నపోతుకు తోక ఎక్కడో చూపిస్తానని పటం అంచు పట్టుకుంది. అది చిరిగింది.

నా చేతిలో రూళ్ళకర్ర ఉంది. నీ ఉత్తరం గుర్తొచ్చింది. నిజంగా గుర్తొచ్చింది పెద్దమ్మా. నా వాక్యం కూడా గుర్తొచ్చింది. మొహం తిప్పుకోలేదు, బిగుసుకోలేదు, గుర్రుమనలేదు. పటం పట్టుకున్న దాని ఎడమచేతి మీద కొట్టాను.

అది అరవలేదు. వెళ్ళి కూర్చుంది. తరగతి అంతా చప్పుడు లేదు. మిగిలిన పాఠం చక్కగా చెప్పాను. ఒక్క మాట తడబడలేదు.

చిటికెనవేలి ఎముక చిట్లిందని మర్నాడు తెలిసింది. కంపౌండరుగారు వెదురుబద్ద పెట్టి కట్టారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. యేసమ్మగారు “అలాంటివి జరుగుతాయమ్మా, కొత్తలో” అన్నారు. మార్కులు మార్చలేదు. ఆ తరవాత నేను దానివైపు చూడలేదు. చూస్తే అదుపు పోతుందనుకున్నాను.

మంగతాయారు రోజూ వస్తోంది. వెనక వరసలో, గోడకు ఆనుకుని కూర్చుంటోంది. ఆ రోజు నుంచి తరగతిలో మాట్లాడలేదు. హాజరు పిలిస్తే కుడిచెయ్యి ఎత్తుతుంది. నిన్న పాపాయమ్మగారు వచ్చారు. దెబ్బలాడతారనుకున్నాను. నమస్కారం పెట్టారు. “ఇంట్లో కూడా నోరు మూసుకునే ఉంటందండి. ఎప్పుడూ గోలగోలగా ఉండేది, ఇప్పుడు ఇల్లు బోసిపోయిందండి. బడికొచ్చి గోడకేసి కూర్చునే కాడికి, నా దగ్గర కూర్చుని పూలు కట్టుకుంటది. ఈ నెలలో బడి రిజిస్టరులోంచి పేరు కొట్టరంటండి. ఫిబ్రవరి ఆఖరుకి కొట్టించేస్తాను” అన్నారు. కోపంగా అనలేదు. పువ్వుల ధర చెప్పినట్టు చెప్పారు.

అది బడి మానేస్తే నా వల్లే. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా నాకేమీ అనిపించడం లేదు. ఏడుద్దామని కూర్చుంటే ఏడుపు రాలేదు. అన్నంలో ఉప్పుందో లేదో తెలియడం లేదు. నాకేం చేయాలో చెప్పు.

సుగుణ.

—

పెంటపాడు చేలు,
ఫిబ్రవరి 2.

సుగుణమ్మకు,

రెండుసార్లు చదివాను. మీ పెదనాన్నకి చదవలేదు.

తప్పు నీది. నా ఉత్తరం సగంలో ఆగింది నిజమే. కానీ ఉన్న సగంలో కూడా నాలుగు హెచ్చరికలు ఉన్నాయి. నువ్వు ఐదోది ఒక్కటే తీసుకున్నావు. నిన్ను ఓదార్చడం నాకు చాతకాదు. కుక్కల సంగతే రాస్తాను, అదే కదా నువ్వు అడిగింది.

పోయిన సోమవారం దొర వెళ్ళి ప్రభుదాసు కుక్క తోక పట్టుకుంది. అది ఎప్పుడూ పిల్లల మధ్య తిరిగింది కాదు. చూపు లేదు, గుర్రు లేదు, తిరిగి భుజం మీద కరిచేసింది. నెత్తురొచ్చింది. పసుపు పెట్టాను, గాయం మానుతోంది. కానీ దొర బాతుల గంప కింద దూరి బయటికి రావడం లేదు. తోబుట్టువులు పిలిచినా రాదు. బాతులు మీద నుంచి నడిచి వెళ్ళినా కదలదు. ప్రభుదాసు వచ్చి చూసి, “అణిగింది కదండీ వదినగారూ, ఇక మంచి కుక్కవుద్ది” అన్నాడు. “కదలకుండా పడుంటే మంచి కుక్కయితే, ఈ గంప కూడా మంచి కుక్కేనయ్యా” అన్నాను. మీ పెదనాన్న నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మన ముసలోడు గుర్తున్నాడు కదా, ఒంటికన్ను కుక్క. ఎప్పుడూ ఈ పిల్లల గొడవ పట్టించుకోడు, మీద పడితే లేచి పక్కకి పోతాడు. వాడు నాలుగు రోజులుగా ఆ గంపకి బారెడు దూరంలో, దానికి వీపు పెట్టి పడుకుంటున్నాడు. చూడడు, వాసన చూడడు. ఊరికే పడుకుంటాడు. నిన్నటికీ ఇవాళ్టికీ జానెడు దగ్గరికి జరిగాడు. ఎందుకో వాడికే తెలియాలి.

ఇంకోటి. నీ ఆరో ఏట బాతుపిల్ల మెడ నులిమావని నిన్ను వీపు మీద వాతలు తేలేలా కొట్టాను. నీకు బుద్ధి రావాలని రెండు రోజులు నీతో మాట్లాడలేదు. కొట్టిన సంగతి నేను మరిచిపోయేదాన్నేమో. ఆ రెండు రోజులూ మరిచిపోలేదు. నువ్వు మరిచిపోయి ఉంటావు.

కృపమ్మ.

—

ఏలూరు,
ఫిబ్రవరి 14.

పెద్దమ్మకు,

మరిచిపోలేదు. రెండు కాదు, మూడు రోజులు. నాలుగో రోజు నువ్వు నా చేతికి మేత గిన్నె ఇచ్చావు.

పరిశీలన పుస్తకంలో నా వాక్యం కొట్టేశాను. “మంచి వాక్యం కదమ్మా, ఎందుకు కొట్టేశావు?” అన్నారు యేసమ్మగారు. “చూడకుండా రాశానండీ” అన్నాను. మార్కులు కూడా తగ్గించమని అడిగాను. రిజిస్టరులో ఎక్కినవి మార్చడం కుదరదన్నారు.

మంగతాయారుకు క్షమాపణ చెప్పాను. ముందు రాసుకున్నాను. పేజీన్నర అయింది. ‘పశ్చాత్తాపం’ రెండుసార్లు వచ్చింది, ఒకటి తీసేసి ‘పరితాపం’ అని వేశాను. మధ్యాహ్నం పిల్లలు బయటికి వెళ్ళాక దాని ముందు నిలబడి చెప్పాను. అది లేచి చేతులు కట్టుకుని నిలబడింది, పాఠం అప్పజెప్పించుకుంటున్నప్పుడు నిలబడినట్టు. చెబుతున్నంతసేపూ నా మొహం చూడలేదు. నా చేతుల్నే చూసింది. నా మాటలు అయిపోయాక ఇంకా ఉన్నాయేమోనని కాసేపు నిలబడి, కూర్చుంది.

ఆ పేజీన్నర ఎవరికోసం రాశానో నాకు అప్పుడు తెలిసింది.

ముసలోడు చేసినట్టు చేస్తున్నాను. మధ్యాహ్నం విరామంలో వెనక వరస దగ్గర నేల మీద, గోడవైపు తిరిగి కూర్చుంటున్నాను. రూళ్ళకర్ర బీరువాలో పెట్టేశాను. వారమైంది. ఏమీ జరగలేదు. బద్ద తీసేశారు, వేలు కొంచెం వంకరగా ఉంది. ఇంకా రెండు వారాలే ఉంది.

దొర ఎలా ఉంది?

సుగుణ.

—

పెంటపాడు,
ఫిబ్రవరి 19.

సుగుణా,

కార్డు మీద రాస్తున్నాను, తొందరగా చేరుతుందని. ముసలోడు మొన్న గంపని ఆనుకుని వెల్లకిలా పడిపోయాడు. కాళ్ళు నాలుగూ పైకి, పొట్టంతా బయటికి, సిగ్గులేని ముసలి పీనుగ. దొర గంప కింద నుంచి మూతి చాపి వాడి చెవి పట్టుకుంది. వాడు చచ్చిపోయినట్టు ఏడిచాడు. అబ్బో, ఏం నటన! దొర హడలి లోపలికి పోయి మళ్ళీ వచ్చింది. మళ్ళీ వాడే ఓడిపోయాడు. ఇవాళ బయట తిరుగుతోంది.

నువ్వు చెప్పాల్సింది చెప్పావు. ఇక మాటలు ఆపు. దానితో ఏదైనా ఆడి ఓడిపో.

కృపమ్మ.

—

ఏలూరు,
మార్చి 2.

ప్రియమైన పెద్దమ్మకు,

కార్డు అందిన రోజే కాలవగట్టున ఐదు గులకరాళ్ళు ఏరుకొచ్చాను. విరామంలో వెనక వరస దగ్గర కూర్చుని ఒక్కదాన్నే అచ్చనగాయలు ఆడాను. నాకు ఆ ఆట నిజంగానే రాదు, కాబట్టి ముసలోడిలా నటించే శ్రమ లేకపోయింది. రాయి ఎగరేస్తే పట్టుకోలేను. పట్టుకుంటే కిందవి ఏరలేను. రాళ్ళు దొర్లుకుంటూ మంగతాయారు కాళ్ళ దగ్గరకు పోయేవి. వెళ్ళి తెచ్చుకునేదాన్ని. అది చూసేది. కిటికీలోంచి యేసమ్మగారు కూడా చూసి వెళ్ళారు.

వారం రోజులు అంతే. శుక్రవారం ఇరవై ఎనిమిదో తారీఖు. సాయంత్రం పేరు కొట్టించడానికి పాపాయమ్మగారు వస్తారు. నేను మామూలుగానే ఆడుతున్నాను. రాళ్ళు మళ్ళీ జారిపోయాయి.

“అబ్బబ్బ, అలా కాదండీ!”

నేను తల తిప్పలేదు.

“రాయి పైకి ఎగిరాక కదండీ కిందవి ఏరాలి? మీరు ముందే ఏరేత్తన్నారు. మీకు చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదాండీ?”

“లేదు” అన్నాను.

వచ్చి ఎదురుగా కూర్చుంది. కుడిచేత్తో ఒకసారి ఆడి చూపించింది. నా వంతు వచ్చింది. మళ్ళీ ముందే ఏరాను. “చెప్తంటే వినరేంటండీ!” అని నా చేతి మీద ఒక్కటి వేసింది.

వేసి బిగుసుకుపోయింది. దాని కళ్ళు నా రెండో చేతిలో ఏముందో చూశాయి. ఏమీ లేదు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రాళ్ళు దానివైపు నెట్టి, “మళ్ళీ చూపించు” అన్నాను. చూపించింది. గంట కొట్టేవరకు ఆడాం. అన్ని ఆటలూ నేనే ఓడిపోయాను.

దాని దెబ్బ చాలా చిన్నది పెద్దమ్మా. గాటు పడదు. కానీ చురుక్కుమని తెలిసింది. నెలన్నర తరవాత ఒంటి మీద ఏదో తెలియడం అదే మొదలు.

సాయంత్రం పాపాయమ్మగారు వచ్చారు. గుమస్తాగారు వెళ్ళిపోయారు, పేరు కొట్టే పని సోమవారానికి పడింది. రాళ్ళు మంగతాయారు చేతిలోనే వెళ్ళిపోయాయి. నేను అడగలేదు.

ఇవాళ సోమవారం. హాజరు వేళకు అది రాలేదు. పేరు పిలిచాను, వెనక వరసలో చెయ్యి లేవలేదు. తరవాతి పేరు పిలిచాను. పాఠం మొదలుపెట్టాను. అరగంట తరవాత గుమ్మంలో ఇద్దరూ కనిపించారు.

“పంతులమ్మగారి రాళ్ళు ఇచ్చెయ్యాలని పొద్దున్నించీ ఒకటే గోలండి. అవి ఇచ్చేసి, అట్నుంచి గుమస్తాగారి దగ్గరికి వెళ్ళిపోతామండి” అన్నారు పాపాయమ్మగారు.

మంగతాయారు లోపలికి వచ్చి బల్ల మీద రాళ్ళు పెట్టింది. నాలుగు.

“ఐదోది ఇంట్లో ఉండిపోయిందండీ. రేపు తెస్తాను.”

“రేపేంటే? రేపు నువ్వెక్కడొస్తావు?” అన్నారు వాళ్ళ నాయనమ్మ.

“మరి పంతులమ్మగారు నాలుగు రాళ్ళతో ఎలా ఆడతారే? ఐదుంటేనే రావట్లేదు ఆవిడకి!”

తరగతిలో ఎవరో నవ్వారు. ఇంకొకరు నవ్వారు. జనవరి ఎనిమిది తరవాత ఆ గదిలో నవ్వు వినడం ఇవాళే. పాపాయమ్మగారు పిల్లవైపు చూశారు. చాలాసేపు చూశారు. పైటచెంగుతో మొహం తుడుచుకుని, “సరేనండి, రేపు తెస్తదంటండి” అన్నారు. గుమస్తాగారి గదివైపు కాకుండా గేటువైపు వెళ్ళారు.

మంగతాయారు వెళ్ళి కూర్చుంది. వెనక వరస కాదు, మధ్య వరస. దాని పరికిణీ అంచున చిన్న ముడి ఉంది. ఆ ముడిలో గులకరాయి గుండ్రంగా కనిపిస్తూనే ఉంది.

నేను చూడనట్టు బోర్డు వైపు తిరిగాను.

నీ సుగుణ.